ఎర్ర ఫిల్టరే అసలు సరుకు

బళ్లారి బజారులో మిరపపొడి మీద అనుమానం వచ్చినవాళ్లు దాన్ని పరీక్షకని ఎక్కడికో పంపరు. పొట్లం కట్టుకుని నెట్టికంటప్ప శెట్టి అంగడికి వస్తారు. ఆయన పొట్లం విప్పి చిటికెడు పొడి తీసి, బల్ల మీద ఎప్పుడూ నిండుగా పెట్టి ఉంచే గాజు గ్లాసులో చల్లుతాడు. చల్లి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. మంచి పొడి నీళ్ల మీద కాసేపు తేలి, తీరిగ్గా తడుస్తుంది. ఇటికపొడి కలిపినదైతే తిన్నగా అడుగుకు దిగి అక్కడ కాపురం పెడుతుంది. ఆయన గ్లాసును వెలుతురుకు ఎత్తి అడుగున చేరిన ఎర్రమట్టిని చూపించి, "తీసుకుపోయి ఇల్లు కట్టుకోప్పా దీంతో" అంటాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

మసాలా దినుసుల వ్యాపారం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. మిరియాల్లో కలిపిన బొప్పాయి గింజలు, నూనె పిండేసిన లవంగాలు, రంగు పూసిన పసుపు కొమ్ములు ఆయన కన్నుగప్పి బజారు దాటడం కష్టం. ఆయన లెక్కలో లోకంలోని సరుకంతా రెండే రకాలు, రంగున్నది, రంగు పోయినది. రంగు పోయి తెల్లబారిన మిరపకాయను తాలు అంటారు. కారం ఉండదు, బరువుండదు. కుప్పలో నాలుగు తాలు కాయలు కనబడితే చాలు, ఆయన ఆ కుప్పను వదిలి ముందుకు పోతాడు. తెల్లగా ఉన్న దేనినీ ఆయన సులభంగా నమ్మడు. ఉప్పును కూడా నాలుక మీద వేసుకున్న తర్వాతే నమ్ముతాడని బజారులో చెప్పుకుంటారు.

అంగడి ఇప్పుడు కొడుకు నాగార్జున చేతిలో ఉంది. ఆర్డర్లు ఫోన్లో వస్తాయి, సరుకు ప్యాకెట్లలో పోతుంది. విప్పి వాసన చూసి ఇస్తానంటే కొనేవాళ్లే ఒప్పుకోరు. నెట్టికంటప్ప పొద్దున్నే సత్యనారాయణపేటలోని ఇంటి నుంచి వచ్చి సాయంత్రం దాకా గల్లా పక్కన కూర్చుంటాడు గానీ, ఆయన్ను అడిగి చేసే పని అక్కడ పెద్దగా లేదు.

వారంలో ఒక్క రోజు మాత్రం ఆయనది. బేస్తవారం తెల్లవారగానే కారు వెనక సీటు మడిచి, ధనియాలు, ఎండుమిరప, పసుపు, జీలకర్ర మూటలు వేసుకుని, సండూరు దాటి కొండల్లో ఉన్న యశ్వంతనగర్‌కు పోతాడు. ఇనుపరాయి తవ్వే ఊరు. గనుల్లో పనిచేసేవాళ్లకు వండిపెట్టే చిన్న హోటళ్లు, పక్కనే నాలుగు కిరాణా అంగళ్లు, ఇవే ఆయన ఖాతాలు. అక్కడ ఆయనకు కుర్చీ వేస్తారు. ఒకరు పొట్లం తెస్తే ఇంకొకరు గ్లాసులో నీళ్లు తెస్తారు. మధ్యాహ్నం దాకా తీర్పులు చెప్పి, అందరి టీలూ తాగి, ఖాళీ కారుతో కొండ దిగుతాడు. ఆ సరుకు టెంపోలో వేసి పంపితే తేలికని నాగార్జునకు తెలుసు. నెట్టికంటప్పకూ తెలుసు. ఇన్నాళ్లూ తండ్రీకొడుకులు ఆ మాట ఎత్తకుండా జాగ్రత్తగా తిరిగారు.

చివరికి కారే ఆ మాట ఎత్తించింది.

కొన్నాళ్లుగా దానికి ఎత్తు ఎక్కే ఓపిక తగ్గింది. చదును దారిలో బాగానే పోతుంది. కొండ మొదలయ్యేసరికి నల్లటి పొగ వదులుతూ ఆయాసపడుతుంది. ఒక బేస్తవారం మూటలతో సహా ఎత్తు మధ్యలో ఆగిపోయింది. వెనక ఖనిజం లారీలు వరసకట్టాయి. హారన్లు కొట్టి విసిగి, లారీలవాళ్లే దిగివచ్చి కారును పక్కకు తోశారు. తోసినవాళ్లలో ఒకడు ఫోటో తీశాడు. నెట్టికంటప్ప ఇల్లు చేరేలోగా ఆ ఫోటో బజారంతా తిరిగి నాగార్జున ఫోన్లోకి వచ్చి కూర్చుంది.

రాత్రి అన్నాల దగ్గర నాగార్జున గొంతు పెంచకుండానే మాట్లాడాడు. "నాయనా, సర్వీసు చేపిచ్చు. చేపిచ్చినాక కూడా ఇంగొక తూరి ఎత్తులో నిలబడిందంటే, కారు అమ్మేస్తాం. బేస్తవారం సరుకు టెంపోలో పోతాది."

"నేను?"

"నువ్వు అంగట్లోనే ఉండొచ్చు కదా. ఫ్యాన్ కింద."

నెట్టికంటప్ప భార్య వైపు చూశాడు. సుబ్బమ్మ ఆయన పళ్లెంలో మజ్జిగ పోసింది గానీ ఏ పక్షమూ తీసుకోలేదు.

"సరే. నిలబడితే అమ్మేయి" అన్నాడాయన. సర్వీసు అనేది తనకు తెలిసిన విద్యేనని ఆయన నమ్మకం. ఆయిలైనా, ఫిల్టరైనా కొనే సరుకే కదా. సరుకు ఏదైనా తన దగ్గర దాని మోసం సాగదు.

అసలు చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉంది.

ఆ కారు ఆయన యశ్వంతనగర్‌లోనే కొన్నాడు. గని ఆఫీసులో లెక్కలు చూసే ఒకాయన బదిలీ మీద పోతూ అమ్మిన డీజిలు బండి అది. కొన్న కొత్తలో బళ్లారి మెకానిక్ బసవరాజు బానెట్ తెరిచి, ఇంజను పక్కనున్న నల్లటి డబ్బా మూత తీశాడు. లోపల మడతలు మడతలుగా మందపాటి కాగితం ఫిల్టరు. ఇంజను పీల్చే గాలిని వడకట్టేది అదే. అంచు నుంచి అంచు దాకా ఒకే రంగు, ఇటికరంగు. నెట్టికంటప్ప ముచ్చటపడ్డాడు. "ఏం రంగప్పా. బ్యాడిగి మిరపకాయ మాదిరి ఉండాది" అన్నాడు.

కొన్నాళ్లకు బసవరాజు అది మార్చాలని కొత్త ఫిల్టరు తెచ్చాడు. అది తెల్లగా ఉంది.

"ఏంది బసవరాజూ ఇది?"

"కొత్తది శెట్టరే. పాతది దుమ్ము పట్టి ఎర్రగయింది."

"దుమ్ము పడితే మచ్చలు పడతాయప్పా. ఇంత సమంగా రంగు పడతాదా? నా అసలుది తీసుకోని నాకు తాలు అంటగడతాండావు."

బసవరాజు వాదించాడు. ఒట్టు పెట్టుకున్నాడు. ఎంత ఒట్టు పెడితే అంత అనుమానం పెరిగింది, ఎందుకంటే ఇటికపొడి అమ్మేవాళ్లు కూడా ఒట్లు పెడతారని శెట్టికి అనుభవం. చివరికి బసవరాజు తన తిండికి ఆలస్యమవుతోందని, పాత ఫిల్టరుకు నాలుగు ఊదులు గాలి కొట్టి అదే పెట్టేశాడు. ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ అదే తంతు. ఎర్రది తీయడం, గాలి కొట్టడం, ఎర్రదే పెట్టడం. నిరుడు బసవరాజు షెడ్డు మూసి హొసపేటకు మారాక ఆ నాలుగు ఊదులు కూడా పోయాయి.

అందువల్ల నాగార్జున ఈసారి బైపాసు రోడ్డు మీది కొత్త సర్వీసు సెంటరులో పేరు రాయించాడు. అద్దాల గది, మెత్తని సోఫాలు. నెట్టికంటప్ప కూర్చోగానే కాఫీ తెచ్చి ఇచ్చారు, ఊరికే. ఊరికే ఇచ్చిన కాఫీని చూసి ఆయన మొదటి అనుమానం పడ్డాడు. బల్ల వెనక అనుష అనే అమ్మాయి కూర్చుని ఉంది. వచ్చిన బండికి ఏ సర్వీసు చేయాలో మాట్లాడి తేల్చడం ఆమె పని.

"మా దగ్గర మూడు రకాలు ఉండాయి సర్. చిన్న సర్వీసు, మధ్యది, పెద్దది. చిన్నదాంట్లో ఇంజనాయిలు, దాని ఫిల్టరు మార్చి, బ్రేకులు, టైర్లు చూసి ఇస్తాం. మధ్యదాంట్లో అదంతా ఉంటాది, ఇంకా గాలి ఫిల్టరు మారుస్తాం, బ్రేకులు విప్పి శుభ్రం చేస్తాం. పెద్దదైతే డీజిలు ఫిల్టరు, కూలెంటు, బ్రేకాయిలు, ఏవేవి వయసయిపోయినాయో అన్నీ."

"మూడిట్లో ఏది మంచిది?"

"మంచిది అని ఒకటి లేదు సర్. బండి ఎట్ల తిరుగుతాదో దాన్ని బట్టి."

నెట్టికంటప్ప లోపల్లోపల నవ్వుకున్నాడు. తన అంగట్లో పసుపు మూడు కుప్పలుగా పోసి పెడతాడు. ఏ కుప్ప అమ్ముడుపోవాలో దాన్ని మధ్యలో పోస్తాడు. మొదటిది చూసి నాసిరకం అనుకుని, చివరిది చూసి మనకెందుకులే అనుకుని, వచ్చినవాడు మధ్యదాని మీద చెయ్యి వేస్తాడు. ఈ విద్య బైపాసు రోడ్డు దాకా వచ్చిందన్నమాట.

"వారానికి ఎన్ని తూర్లు తీస్తారు సర్? ఏ దిక్కు పోతారు? బరువు ఏమన్నా వేస్తారా?" అని అనుష అడిగింది.

ఇవీ ఆయనకు తెలిసిన ప్రశ్నలే. పెళ్లికా, ఎంతమందికి, వంటవాడు ఎవరు అని తాను కొనేవాళ్లను అడుగుతాడు. తన అవసరం ఎంతో ముందే చెప్పుకున్నవాడికి అంగడివాడి దగ్గర పట్టు ఉండదు. నెట్టికంటప్ప ముఖాన్ని ఖాళీగా పెట్టాడు.

"యాడికీ పోదు పాపా. శనివారం గుడికి పోతాది. నేనూ, మా ఇంటామె."

"అంతేనా సర్?"

"గుడి నుంచి మల్ల ఇంటికి వస్తాది."

"అయితే చిన్నది చాలు. ఎక్కువ ఏమీ వద్దు" అంది అనుష. మధ్యది అంటగడుతుందని కాచుకున్న శెట్టి కొంచెం తడబడ్డాడు. కానీ బేరం తన వైపు తిరిగినప్పుడు కారణం అడిగే అలవాటు ఆయనకు లేదు.

కాసేపటికి అనుష లోపలి నుంచి వచ్చింది. గ్లవుజులు వేసుకున్న చేతుల్లో ఆ ఎర్ర ఫిల్టరు, దూరంగా పట్టుకుని ఉంది.

"సర్, శనివారం గుడికి పోయే బండిలోకి ఇంత దుమ్ము యాడిది?"

"గుడి కొండ మీద ఉండాది."

"కొండ మీద గని కూడా ఉండాదా?"

"దేవుని చూసేకి పోతాం గాని, పక్కన ఏముండాదో చూసేకి పోతామా?"

అనుష నవ్వు ఆపుకుని, ఒక అట్టపెట్టె విప్పి కొత్త ఫిల్టరు ఆయన ముందు పెట్టింది. నెట్టికంటప్ప దాన్ని తీసుకున్నాడు. మడతల మీద బొటనవేలు రాశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూసి, తిరిగి బల్ల మీద పెట్టి పక్కకు నెట్టాడు.

"తాలు" అన్నాడు.

"ఏంది సర్?"

"రంగు లేదు, వాసన లేదు, బరువు లేదు. చూడు, నాది ఎంత బరువుండాదో. ఎన్నేండ్లయినా రంగు పోలే. అసలు సరుకు అంటే అట్ల ఉండల్ల."

"బరువు దుమ్ముది సర్. ఒకతూరి తట్టి చూపిస్తా చూడండి." ఆమె పాతదాన్ని బల్ల అంచుకు కొట్టబోయింది. నెట్టికంటప్ప చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"తట్టొద్దు పాపా. రంగు రాలిపోతాది."

అనుష ఆయన్ను కొంతసేపు అలాగే చూసింది. రోజూ రకరకాల మనుషులను చూసే ఉద్యోగమే ఆమెది. ఇలాంటి వాదం మాత్రం ఇదే మొదటిసారి. "మీ ఇష్టం సర్. శనివారం గుడికే కదా" అంది.

చిన్న సర్వీసు అయింది. కొత్త ఆయిలుతో ఇంజను మెత్తగా తిరుగుతోంది. ఎర్ర ఫిల్టరు దాని డబ్బాలో భద్రంగా ఉంది. అటు మధ్యదానికీ పడకుండా, ఇటు తాలుకూ దొరక్కుండా బయటపడ్డానని నెట్టికంటప్ప దారి పొడుగునా సంతోషపడ్డాడు.

బేస్తవారం వచ్చింది. మూటలు ఎక్కించి తాళం తిప్పేసరికి ముందు సీటు తలుపు తెరుచుకుంది. సుబ్బమ్మ చేతిలో చిత్రాన్నం డబ్బా, చంకలో దిండుతో ఎక్కి కూర్చుంది.

"నువ్వు యాడికి?"

"నాగార్జున పొమ్మన్యాడు. ఎత్తులో నిలబడతాదో లేదో చూసి చెప్పల్లంట."

"సాక్షివా?"

"ఏమో. ఊరు చూసినట్టయితాది. ఇన్నేండ్లు పోతాండావు, ఒక దినమన్నా రమ్మంటివా?"

ఆయన కారు కదిలించి తోరణగల్లు ఊరు దాటించాడు. దారి పొడుగునా సుబ్బమ్మ చెట్ల ఆకులు ఎర్రగా ఉన్నాయని, మైలురాళ్లు ఎర్రగా ఉన్నాయని, ఒక తెల్ల కుక్క ఎర్రగా ఉందని చెబుతూ వచ్చింది. నెట్టికంటప్ప 'ఊ' కొట్టాడు. ఆయన చెవి ఇంజను మీదే ఉంది. చదునులో అది పాట పాడినట్టు పోతోంది. సండూరు దాటింది. కొండ మొదలైంది.

మొదటి మలుపులోనే పాట ఆగిపోయింది. రెండో మలుపు దగ్గర అద్దంలో నల్ల పొగ కనబడింది. ఆయన గేరు దించాడు. ఇంకా దించాడు. దించడానికి ఇంకేమీ మిగల్లేదు. ఏసీ కట్టేశాడు. కిటికీలు తెరిచాడు. ఇంజను గట్టిగా అరుస్తోంది గానీ బండి మాత్రం పెళ్లి ఊరేగింపులా కదులుతోంది. పక్కనుంచి నిండు లారీ ఒకటి దాటిపోతూ హారన్ కొట్టింది. బహుశా గుర్తుపట్టి ఉంటారు.

"ఏమప్పా, నిలబడతాదా?" అంది సుబ్బమ్మ.

"నిలబడదు."

"వెనక మూటలు శానా ఉండాయి."

"మూటలు దించితే పోవడం ఏంటికి?"

సుబ్బమ్మ దిండు, చిత్రాన్నం డబ్బా సీటు మీద పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. తలుపు తెరిచి, ఇంట్లో గడప దాటినంత నిదానంగా కిందికి దిగింది. బండి ఆగలేదు. అంత నిదానంగా పోతోంది.

"ఏమే, పిచ్చా నీకు?" అన్నాడాయన, కాలు తీయకుండా.

"నువ్వు రాప్పా నిదానంగా. నేను ముందర పోతాంటా."

ఆమె బరువు దిగడంతో ఇంజను గొంతు ఒక పిసరు మారింది. బండి నిలబడలేదు. అయితే సుబ్బమ్మనూ దాటలేదు. ఆమె రోడ్డు అంచున కొంగు నెత్తిన వేసుకుని నడుస్తూ, మలుపులో ఒకసారి వెనక్కి చూసి, వస్తున్నాడని రూఢి చేసుకుని మలుపు తిరిగింది. ఆ తర్వాత ఆయనకు ఆమె కనబడలేదు.

ఎత్తు ముగిసే చోట పంపమ్మ హోటలు ఉంది. రేకుల పంచ, రెండు బల్లలు, ఒక పొయ్యి. కొండ ఎక్కిన ప్రతి బండీ అక్కడ ఆగుతుంది. నెట్టికంటప్ప కారు పొగలు కక్కుతూ వచ్చి ఆగేసరికి సుబ్బమ్మ బల్ల మీద కూర్చుని టీ తాగుతోంది. ఆయన టీ మూతపెట్టి ఉంది.

"రాండి శెట్టరే" అంది పంపమ్మ. "అక్క వచ్చి చెప్పె, మా ఆయప్ప కారులో వస్తాండాడు, టీ పెట్టు అని. కారులో వచ్చేటాయప్ప కంటే ముందర ఎట్ల వచ్చినావక్కా అంటే నవ్వుతాది."

నెట్టికంటప్ప కూర్చుని టీ అందుకున్నాడు. ఇక ఊర్లో ఆ కుర్చీ తనకు ఎన్ని బేస్తవారాలో అనుకున్నాడు. నాగార్జున ముఖం కళ్ల ముందు కనబడింది. ఫ్యాన్ కూడా కనబడింది.

పొయ్యి పక్కన వేడి బొండాల పళ్లెం మీద గుడ్డ కప్పి ఉంది. సుబ్బమ్మ దాని అంచు పట్టి చూసింది. "ఈ గుడ్డ యాడ తీసుకుంటివి పంపమ్మా? రంగు శానా బాగుండాది. నేనూ ఒకటి తీసుకుందునని."

"రంగు యాడిదక్కా. మొన్న సంతలో తెల్లది తెస్తిని."

"తెల్లదా?"

పంపమ్మ గుడ్డ అంచును పళ్లెం కింద నుంచి లాగి మడత విప్పింది. మడత లోపల వేలెడు మేర గుడ్డ పాలలా తెల్లగా ఉంది. పైనంతా అంచు నుంచి అంచు దాకా ఒకే రంగు, ఇటికరంగు. ఎక్కడా మచ్చ లేదు.

"ఈడ అన్నీ ఇట్లే అయితాయి. ఉతికినా పోదు. మా ఊర్లో తెల్లచొక్కా వేసుకోనొచ్చినాడంటే వాడు ఆ పొద్దే వచ్చినట్టు."

నెట్టికంటప్ప చేతిలోని టీ నోటి దాకా వచ్చి ఆగింది. ఆయన గుడ్డ మడతను చూశాడు. పైభాగాన్ని చూశాడు. మళ్లీ మడతను చూశాడు. టీ కింద పెట్టి లేచి కారు దగ్గరికి పోయాడు.

బసవరాజు తీయగా ఎన్నోసార్లు చూసినదే. బానెట్ ఎత్తి, నల్ల డబ్బాకున్న క్లిప్పులు ఊడదీసి, ఫిల్టరు బయటికి తీశాడు. పంపమ్మ బట్టలుతికే బండ మీద దాన్ని మెల్లిగా ఒకసారి తట్టాడు. రంగు రాలింది. గట్టిగా తట్టాడు. పసుపు కుప్పలా కాదు గానీ, ఒక పొట్లం కట్టేంత పొడి బండ మీద పడింది. మడతలను వేళ్లతో విడదీసి చూశాడు. బాగా లోపల, వేలు దూరని చోట, తాలు రంగు కనబడింది.

"ఒక గ్లాసు నీళ్లు తేమ్మా" అన్నాడు.

పంపమ్మకు ఈ పని అలవాటే. గాజు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన బండ మీది పొడి చిటికెడు తీసి నీళ్లలో చల్లి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అది తేలడానికి ఏ ప్రయత్నమూ చేయలేదు. తిన్నగా అడుగుకు దిగింది.

పంపమ్మ వంగి చూసింది. "ఇది ఏమాత్రం బాగలేదు శెట్టరే. యా అంగడోడు ఇచ్చినాడు?"

"మా అంగడిదే" అన్నాడు నెట్టికంటప్ప.

సుబ్బమ్మ గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలుసు. "తీసుకుపోయి ఇల్లు కట్టుకోప్పా దీంతో" అంది.

ఆయనకు నవ్వు వచ్చింది. మొదట ముక్కులోంచి, ఆ తర్వాత పొట్ట కదిలేట్టు. పంపమ్మకు సంగతి అర్థం కాకపోయినా తోడుగా నవ్వింది.

ఫిల్టరును దొరికినంత మేర దులిపి మళ్లీ పెట్టి ఊర్లోకి పోయారు. ఆ పూట సుబ్బమ్మ తన భర్తను ఇంతకు ముందు చూడని చోట చూసింది. ఒక హోటలువాడు కుర్చీ తుడిచి వేశాడు. ఇంకొకడు ధనియాలు అరచేతిలో పోసుకుని పరుగున వచ్చాడు. ఒక ముసలామె తన కోడలు కొన్న కారంపొడి పట్టుకొచ్చి, బాగలేదని ఆయన నోటితో చెప్పాలని పట్టుబట్టింది. ఆయన పరీక్షించి బాగుందని చెప్పేసరికి ఆమెకు కోపం వచ్చింది. అంగట్లో గల్లా పక్కన కునికిపాట్లు పడే మనిషి ఇక్కడ నిటారుగా కూర్చుని ఉన్నాడు. సుబ్బమ్మ చిత్రాన్నం తింటూ ఇదంతా చూసింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి నాగార్జున వసారాలోనే ఉన్నాడు. తండ్రిని కాదు, తల్లిని అడిగాడు.

"అమ్మా, ఎత్తులో నిలబడిందా?"

నెట్టికంటప్ప చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. సుబ్బమ్మ దిండు గోడకు ఆనించి, డబ్బా పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిలబడలే" అంది.

"నిజంగానా?"

"నేను ఒకతూరి దిగితిని. అప్పుడు గూడా నిలబడలే."

నాగార్జునకు ఈ జవాబులో ఏదో తేడా ఉందనిపించింది. ఎన్ని విధాల తిప్పి చూసినా అందులో అబద్ధం మాత్రం దొరకలేదు. "సరే అయితే" అని లోపలికి పోయాడు.

శనివారం నెట్టికంటప్ప గుడికి పోకుండా సర్వీసు సెంటరుకు పోయాడు. ఈసారి కాఫీ ముట్టుకోకముందే అనుష బల్ల ముందు కుర్చీ లాక్కున్నాడు. తన అవసరం అంగడివాడికి ముందే చెప్పడం ఆయన వంశంలో ఎవరూ చేయని పని. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"రాసుకో పాపా. కారు గుడికి పోదు. బేస్తవారం బేస్తవారం యశ్వంతనగర్ పోతాది. వెనకంతా మూటలే. ఎత్తు ఉండాది. దుమ్ము ఎంతుండాదంటే, తెల్ల కుక్క ఎర్రగయి తిరుగుతాది. ఇంగ ఇప్పుడు చెప్పు, ఏది చేపిచ్చల్ల."

అనుష ఆశ్చర్యం దాచుకుని కారు పుస్తకం తిరగేసింది. పెద్దది ఇప్పుడే అక్కర్లేదు, డీజిలు ఫిల్టరు, కూలెంటు ఇంకా వయసులోనే ఉన్నాయి అంది. ఆయిలు మొన్ననే మార్చారు కాబట్టి మధ్యదాంట్లో మిగిలిన పనులు చేస్తే చాలంది. ఆ దారిలో తిరిగే బండికి మామూలు గడువు పనికిరాదని, గాలి ఫిల్టరు మాత్రం తొందర తొందరగా చూసుకోవాలని, దులిపి వాడుతూ కూర్చుంటే చిరిగి దుమ్ము ఇంజనులోకి పోతుందని చెప్పింది.

"మొన్న ఇదంతా చెప్పింటే అప్పుడే చేసేస్తాంటిమి కదా సర్."

"మొన్న నేను కొనేకి వచ్చింటి పాపా. ఈ పొద్దు చేపిచ్చేకి వచ్చినా."

ఆమె అట్టపెట్టె విప్పి కొత్త ఫిల్టరు ముందు పెట్టింది. ఆయన దాన్ని తీసుకుని మడతల మీద బొటనవేలు రాశాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. వాసన కూడా చూశాడు, అలవాటు కొద్దీ.

"మంచి తెలుపు" అన్నాడు. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు. కాస్త ఆగి, "ఎర్రగయితే మార్చల్ల, అంతే కదా. రంగు చూసి చెప్పే పనే" అన్నాడు. పాత ఫిల్టరును తనకే ఇవ్వమని అడిగి తీసుకుపోయాడు. అది ఇప్పుడు అంగట్లో నీళ్ల గ్లాసు పక్కనే ఉంది. ఇటికపొడి పొట్లం తెచ్చినవాళ్లకు పోల్చి చూపించడానికి పనికొస్తోంది. అది ఏ ఊరి సరుకని అడిగితే మాత్రం ఆయన జవాబు చెప్పడు.

తర్వాతి బేస్తవారం మొదటి మలుపులో పొగ రాలేదు. రెండో మలుపులో గేరు దించాల్సిన పని పడలేదు. ముందు సీట్లో దిండు మీద కూర్చున్న సుబ్బమ్మ, తాను నడిచిన చోటు ఏదో చూపించబోయేలోగా అది వెనకబడింది. పంపమ్మ హోటలు ముందు కారు ఆగేసరికి పొయ్యి మీద ఏమీ లేదు. పంపమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది.

"ఏం శెట్టరే, ఇంత తొందరగా వస్తిరి. ముందర చెప్పేకి అక్క రాకపాయె, నేనింకా టీ పెట్టనే లే."